రంగులు చివర వేయించండి: తరగతి గదులు మార్చబోతున్న మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ బ్లాకులో నువ్వు టీచరుగా చేరిన ప్రాథమిక పాఠశాలకు ఈ ఏడాది గ్రాంటు వచ్చిందనీ, దానితో గోడల నిండా బొమ్మలు వేయించాలని కమిటీవారు ఉబలాటపడుతున్నారనీ రాశావు. పర్లాకిమిడి పరిసరాల బడుల్లో చాలాకాలం పనిచేసినవాడిగా నా అభిప్రాయం అడిగావు కనుక మొహమాటం లేకుండా చెబుతున్నాను: రంగులకు డబ్బు చిట్టచివర తీయండి. ముందుగా పిల్లలకు నల్లబల్ల కనబడాలి, టీచరు మాట వినబడాలి, చేతికందే ఎత్తులో రాసుకోవడానికి జాగా ఉండాలి. 30 దాటి 100 లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద ఏడాదికి వచ్చేది 25,000 రూపాయలు. సుద్దముక్కలు, మరుగుదొడ్ల శుభ్రత, చిన్నచిన్న మరమ్మతులు అన్నీ అందులోనే సర్దుకోవాలి కదా.

మేస్త్రీని పిలవకముందే ఒకరోజు పొద్దున్నా, మళ్లీ మధ్యాహ్నం భోజనాల తర్వాతా గది నాలుగు మూలల్లోనూ పిల్లలు కూర్చునేచోటే నేల మీద కూర్చుని నల్లబల్ల వైపు చూడు. నిలబడి చూస్తే ఏ లోపమూ తెలియదు. బల్లకు ఎదురుగోడలో కిటికీ ఉంటే బల్ల మెరిసి సగం అక్షరాలు మాయమవుతాయి. బల్ల పక్కనే కిటికీ ఉంటే వెలుగు సూటిగా కళ్లలో పడుతుంది. బల్లను పక్కగోడకు మార్చి, వెలుతురు పిల్లల ఎడమవైపునుంచి వచ్చేలా కూర్చోబెడితే, కుడిచేత్తో రాసే పిల్లల చేతినీడ పలక మీద పడదు. ఎడమచేతివాటం పిల్లలు ఉంటే వారిని కిటికీకి దగ్గరగా, కొంచెం ఏటవాలుగా కూర్చోబెట్టు. అంతేగాని చెయ్యి మార్చుకోమని మాత్రం అనకు. బల్లకు మెరుపులేని బ్లాక్‌బోర్డు పెయింటే వేయించు, నిగనిగలాడే ఎనామిల్ వద్దు.

అందరూ మరచిపోయేది శబ్దం. సిమెంటు గోడలు, గచ్చునేల, పైన స్లాబు ఉన్న గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి విను. మోత వెంటనే ఆగకపోతే నీ మాటల చివరి అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నట్టే. పెద్దవాళ్లం తెలిసిన భాషలో వింటున్నప్పుడు, వినబడని ముక్కను ఊహతో పూరించుకుంటాం. ఆరేళ్ల పిల్లకు ఆ శక్తి తక్కువ. అందులోనూ ఇంట్లో తెలుగో సవరో మాట్లాడి, బడిలో ఒడియా పుస్తకం పట్టే పిల్లకు మరీ తక్కువ. గిరిజన పిల్లలకు ముందు ఇంటి భాషలోనే చెప్పేందుకు ఒడిశాలో 2007లో మొదలైన బహుభాషా విద్యలో సవర కూడా ఉన్నా, మూడు భాషల పిల్లలు ఒకే గదిలో కూర్చునే మన సరిహద్దు బడుల్లో చెవికి శ్రమ తప్పడం లేదు. ఉతికిన గోనెసంచులను రెండు పొరలుగా కుట్టించి వెనకగోడకు వేలాడదీయించు, నేల మీద జంపఖానాలు పరిపించు. మోత తగ్గాక నువ్వు గొంతు పెంచాల్సిన పనే ఉండదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరే ఉపాధ్యాయులు. తరగతులు మాత్రం అయిదు. అంటే ఒక తరగతికి నువ్వు పాఠం చెబుతుంటే మిగిలినవాళ్లు తమంతట తాము ఏదో ఒక పని చేసుకునేలా గది సహకరించాలి. అందుకే నేలకు ఒక అడుగు ఎత్తునుంచి మూడడుగుల వరకు, గోడ పొడవునా నున్నగా సిమెంటు పూయించి నల్లరంగు వేయించమంటున్నాను. ఒక్కొక్కరికి రెండడుగుల జాగా గీత గీసి ఇస్తే, ఎవరు ఎక్కడ తడబడ్డారో నువ్వు గదిలో నడుస్తూనే చూడవచ్చు, నోటుపుస్తకాల కట్ట ఇంటికి మోయకుండానే. మొత్తం ఖర్చులో దీనికి సింహభాగం పోయినా నేను తప్పుపట్టను.

బొమ్మల విషయానికి వస్తే, 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్నపిల్లలకు బొమ్మలతో నిండిన గదిలోనూ, ఖాళీ గోడల గదిలోనూ పాఠాలు చెప్పి చూస్తే, నిండిన గదిలో ధ్యాస ఎక్కువగా చెదిరింది, నేర్చుకున్నదీ తగ్గింది. కాబట్టి బల్ల ఉన్న గోడను ఖాళీగా వదిలేయండి. పిల్లలు గీసినవాటికి వెనకగోడన ఒక తాడు, నాలుగు క్లిప్పులు చాలు, నెలకోసారి మార్చండి. కమిటీవారి ముచ్చట వరండా గోడలమీద తీర్చవచ్చు.

స్లాబు మీద ఏటా వేసవికి ముందు తెల్లసున్నం కొట్టిస్తే లోపల ఎండ తీవ్రత కొంత తగ్గుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా కుదిపిందో నీకు తెలుసు. అలాంటప్పుడు ఊరంతా తలదాచుకునేదీ, ఎన్నికలప్పుడు పోలింగు జరిగేదీ ఆ గదుల్లోనే. అందుకని నేలకు బిగించే డెస్కులు వద్దు, ఒకదానిమీద ఒకటి పేర్చగలిగే తేలికపాటివి తీసుకోండి.

అన్ని గదులూ ఒక్కసారే మార్పించకు. చిన్నపిల్లలున్న గదితో మొదలుపెట్టు. దసరాకు వచ్చేటప్పుడు ఆ గది పొడవు, వెడల్పు, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో కాగితం మీద గీసుకుని రా. మన మేస్త్రీతో నేను మాట్లాడతాను.

మీ మావయ్య