ఫైబర్ తెగకూడదు, జారాలి

చిరంజీవి సుధకు,

నీ ప్రాజెక్టు వివరాలు చదివాను. సిమెంటుతో అన్నిటికంటే గట్టిగా అతుక్కునే ఫైబర్ ఏది పెదనాన్నా అని అడిగావు. ఆ ప్రశ్న పట్టుకుని బయల్దేరితే పని పక్కదారి పడుతుందమ్మా. కాంక్రీటులో ఫైబర్ వేసేది, పగులు వచ్చాక దాని రెండు అంచుల్నీ విడిపోనివ్వకుండా పట్టి ఉంచడానికి. మరీ గట్టిగా అతుక్కుపోతే పగులు కాస్త తెరుచుకోగానే ఫైబర్ పుటుక్కున తెగుతుంది. లాగుతున్నకొద్దీ రాపిడితో నెమ్మదిగా ఊడివచ్చేదే ఎక్కువ శక్తిని మింగుతుంది. నీకు కావలసింది తగినంత అతుకు. ఆ తగినంత ఎంతో తేల్చడమే నీ ప్రాజెక్టు అనుకో.

ముందు సిమెంటు సంగతి. నీళ్లు తగలగానే కాల్షియం సిలికేట్లు కరిగి, బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ జెల్‌గానూ, పలకల్లాంటి కాల్షియం హైడ్రాక్సైడ్ స్ఫటికాలుగానూ మారతాయి. రంధ్రాల్లో మిగిలిన నీటి పీహెచ్ 12.5కు పైనే, తరచు 13 దాటుతుంది. అంత క్షారంలో జెల్ ఉపరితలం మీది హైడ్రాక్సిల్ గుంపులు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జంటలు) ప్రోటాన్లను వదిలేసి రుణావేశం తెచ్చుకుంటాయి. పక్కనే కాల్షియం అయాన్లు, ఒక్కోదానికి రెండేసి ధనావేశాలు. అవి ఒక చేత్తో జెల్‌నీ ఇంకో చేత్తో ఫైబర్‌నీ పట్టుకోగలవు. ఫైబర్ మీద పట్టు దొరికితేనే సుమా!

పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఫైబర్‌లో ఆ పట్టు దొరకదు. దాని అణువంతా కార్బన్, హైడ్రోజన్. నీటినే దగ్గరికి రానివ్వదు. బలహీనమైన వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ తప్ప రసాయన బంధం ఉండదు, పనంతా రాపిడిదే. అందుకే తయారీదారులు దాని మీద గాట్లు, గీతలు పెడతారు. ప్లాస్మాతో, అంటే అయాన్లుగా విడగొట్టిన వాయువుతో, ఉపరితలం మీద ఆక్సిజన్ గుంపులు పుట్టించే పద్ధతీ ఉంది. అయినా దాన్ని చిన్నచూపు చూడకు. పోసిన తొలి గంటల్లో వచ్చే సన్నపగుళ్లను అది బాగానే ఆపుతుంది. అగ్నిప్రమాదంలో 160 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరిగిపోయి లోపలి ఆవిరికి దారి వదులుతుంది, కాంక్రీటు పెళ్లలుగా పేలకుండా కాపాడుతుంది.

పాలీవినైల్ ఆల్కహాల్, అందరూ పీవీఏ అనేది, దీనికి పూర్తిగా ఎదురు. గొలుసులోని ప్రతి యూనిట్‌కూ ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. ఒక్క హైడ్రోజన్ బంధం బలమెంత? మోలుకు 10 నుంచి 40 కిలోజౌల్స్, సిలికాన్–ఆక్సిజన్ బంధం ముందు లెక్కలోకే రాదు. కానీ ఫైబర్ పొడవునా కోట్లకొద్దీ ఉంటాయి, వాటికి కాల్షియం తోడు. ఫలితంగా లాగితే ఫైబర్ ఊడదు. పైపొర చీలి, ఆపైన తెగిపోతుంది. వంగే కాంక్రీటు మీద పనిచేసిన మిషిగన్ విశ్వవిద్యాలయపు విక్టర్ లీ బృందానికి ఇదే అడ్డొచ్చింది. వాళ్లు ఫైబర్ మీద పల్చగా నూనె పూయించారు, ఫైబర్ బరువులో సుమారు 1.2 శాతం. అతుకును కావాలని తగ్గించారన్నమాట. 39 మైక్రాన్ల మందం, 12 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఆ ఫైబర్‌ను ఘనపరిమాణంలో 2 శాతం కలిపితే ఆ మిశ్రమం లాగినప్పుడు 3 శాతానికి పైగా సాగింది. మామూలు కాంక్రీటు 0.01 శాతం దగ్గరే పగులుతుంది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే.

గాజు ఫైబర్ జోలికి వెళ్తే దాని మన్నిక చూడు. మామూలు గాజులోని సిలికాన్–ఆక్సిజన్–సిలికాన్ వంతెనలను హైడ్రాక్సైడ్ అయాన్లు తెంపేస్తాయి, అందుకే సుమారు 16 శాతం జిర్కోనియా ఉన్న క్షారనిరోధక గాజే వాడాలి. అదీ పూర్తి రక్షణ ఇవ్వదు. కాలంతోపాటు పోగుల మధ్య సందుల్లో కాల్షియం హైడ్రాక్సైడ్ పేరుకుని, విడివిడిగా జారాల్సిన పోగులన్నీ బిగుసుకుపోతాయి, పెళుసుబారుతుంది. కాబట్టి కాంక్రీటుకు మామూలుగా చేసే 28 రోజుల పరీక్ష ఫలితంతో ఆగకు. కొన్ని నమూనాలను వేడినీటిలో ఉంచి వయసు పెంచి మళ్లీ పరీక్షించు.

స్టీలు ఫైబర్‌లో అణువుల అతుకు చిన్న జారుడుకే పోతుంది. ఆపైన పనంతా కొక్కెంలా వంచిన దాని కొనలదీ రాపిడిదీ.

కొత్తవాళ్లు సాధారణంగా వదిలేసే విషయం ఒకటుంది. ఫైబర్ గోడకు ఆనుకుని సిమెంటు రేణువులు దగ్గరగా సర్దుకోలేవు, ఒక్కోటి సగటున 10 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది మరి. ఆ సందులో నీరు ఎక్కువై, కొన్ని పదుల మైక్రాన్ల మేర గుల్లగా ఉండే పొర మిగులుతుంది. విడిపోవడం చాలాసార్లు ఫైబర్ అంచున జరగదు, ఈ పొరలోనే జరుగుతుంది. అలాంటప్పుడు ఫైబర్ మీద ఎంత రసాయనం పూసినా ఏం లాభం? 0.1 మైక్రాన్ సైజు ఉండే సిలికా ఫ్యూమ్ అనే మెత్తటి సిలికా పొడి కలిపితే ఆ సందులు పూడతాయి, కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా జెల్‌గా మారుతుంది. ఊడిన ప్రతి ఫైబర్‌నూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడు. దానికి పేస్టు అంటుకుని వచ్చిందా, నున్నగా వచ్చిందా అన్నది చూడనిదే అతుకు గురించి ఒక్క వాక్యం కూడా రాయకు.

పరీక్షకు ఒంటి ఫైబర్ పుల్అవుట్ ఎంచుకో, అంటే సిమెంటులో పాతిన ఒకే ఫైబర్‌ను లాగుతూ ఎంత బలం పడుతోందో కొలవడం. గ్రాఫు పైకి వెళ్లి ఒక్కసారిగా పడిపోతే ఆ పడిపోయిన మేరే రసాయన బంధం గుర్తు. తర్వాతి తోక రాపిడిది. పాలీప్రొపిలీన్‌లో ఆ పతనం కనబడదు. పొడవు ఎంచుకోవడానికి ఫైబర్ బలాన్ని మందంతో గుణించి, అతుకు ఒత్తిడికి రెట్టింపుతో భాగించు. 1000 మెగాపాస్కల్స్ బలం, 0.5 మిల్లీమీటర్ల మందం, 4 మెగాపాస్కల్స్ అతుకు అయితే 62.5 మిల్లీమీటర్లు వస్తుంది. అంతకంటే పొట్టిదైతే తెగకుండా ఊడుతుంది. ఫైబర్‌ను వట్టి చేతులతో ముట్టుకోకు, వేళ్ల జిడ్డు కూడా ఒక పూతే.

అణువుల సిమ్యులేషన్ కూడా చేస్తానన్నావు. చెయ్యి, కానీ అందులో సెకనుకు మీటర్ల వేగంతో లాగుతారు, పొడవు నానోమీటర్లే. ఆ అంకెను నీ ల్యాబ్ అంకె పక్కన పెట్టి పోల్చకు. ఏ గుంపు దేన్ని పట్టుకుంటోందో తెలుసుకోవడానికి మాత్రం వాడుకో.

మొదటి పుల్అవుట్ గ్రాఫులు సగటు తీయకుండా విడివిడిగా పంపు. ఒక్కో ఫైబర్‌కూ ఎంత తేడా వస్తోందో చూశాక, ఇంకెన్ని నమూనాలు పోయాలో చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న