‘ణ’తో ఆడపిల్లకు పేరు పెట్టవచ్చునా?

సందేహం: మా అమ్మాయికి గత నెలలో ఆడపిల్ల పుట్టింది. హస్తా నక్షత్రం, మూడో పాదం. పురోహితులు పంచాంగం చూసి ‘ణ’ అక్షరంతో పేరు పెట్టమన్నారు. అమ్మాయి, అల్లుడు వెతికి వెతికి ‘ణవ్య’, ‘ణిహారిక’ అని రెండు పేర్లు తెచ్చారు. ఎవరికీ లేని పేరని వాళ్లకు సంబరంగా ఉంది. నాకేమో పలకడానికి నోరు తిరగడం లేదు. న బదులు ణ రాస్తే అర్థం మారుతుందా? ఇంగ్లిషులో రాసేటప్పుడు ‘ఎన్’ ఒకటి రాయాలా, రెండు రాయాలా?
– ఒక అమ్మమ్మ, తెనాలి

సమాధానం: ముందుగా మీ మనవరాలికి నా ఆశీస్సులు. నోరు తిరగకపోవడం మీ లోపం కాదమ్మా. ‘ణ’ మాట మొదట నిలిచే అక్షరం కాదు. పిల్లల అక్షరమాల పుస్తకం తిరగేయండి. గ దగ్గర గంట, జ దగ్గర జడ అంటూ వచ్చి, ణ దగ్గరికి చేరేసరికి వీణ బొమ్మో బాణం బొమ్మో వేస్తారు. ఆ అక్షరంతో మొదలయ్యే మాట దొరకదు కనుక, చివర ఉన్న మాటతో సరిపెట్టుకుంటారు. ‘ణత్వం’, ‘ణిజంతం’ వంటి వ్యాకరణ పరిభాషను పక్కన పెడితే, తెలుగువాడుకలో ణతో మొదలై నిలిచిన మాట నాకు ఒక్కటీ కనిపించదు.

కారణం నాలుకలోనే ఉంది. ణ మూర్ధన్యం. నాలుక కొనను వెనక్కి మడిచి అంగిలికి తాకించాలి. ముందు ఒక అచ్చు ఉంటే ఆ అచ్చు పలికే వేళకే నాలుక మడతకు సిద్ధపడుతుంది. వీణ, కరుణ, అరుణ అన్నప్పుడు జరిగేది అదే. మాట మొదట్లో అటువంటి ఆసరా ఉండదు. మీ మనవరాలిని బడిలో ఉపాధ్యాయులూ స్నేహితులూ అందరూ ‘నవ్య’ అనే పిలుస్తారు. ‘న కాదండీ, ణ’ అని ఆ పిల్ల జీవితమంతా దిద్దుతూ ఉండాలి. ఆ భారం పసిబిడ్డ మీద వేయడం నాకు ఇష్టం లేదు.

నిజానికి ణ బరువును తగ్గించుకోవడం తెలుగుకు ఎప్పటినుంచో అలవాటు. తమిళంలో కణ్, మణ్, వెణ్ణెయ్ అన్నవి మన దగ్గర కన్ను, మన్ను, వెన్న అయ్యాయి. వాళ్లు ఆడపిల్లకు ‘వెణ్ణిలా’ అని పేరు పెడితే మనం ‘వెన్నెల’ అని పెట్టుకుంటాం. మాట నడుమ ఉన్న ణనే న చేసుకున్న భాష, మాట మొదట దాన్ని ఎలా మోస్తుంది?

మరి సంస్కృతం మాటేమిటి అని మీ అల్లుడుగారు అడగవచ్చు. సంస్కృతంలో ఈ విషయం ఇంకా అందంగా ఉంది. పాణినీయ ధాతుపాఠంలో, అంటే క్రియల మూలరూపాలైన ధాతువుల పట్టికలో, కొన్ని ధాతువులు ణతోనే మొదలవుతాయి. వంగడం, నమస్కరించడం అనే అర్థంలో ‘ణమ్’, నడిపించడం అనే అర్థంలో ‘ణీ’, ధ్వనించడం అనే అర్థంలో ‘ణద్’, స్తుతించడం అనే అర్థంలో ‘ణు’. పేర్లకు ఇన్ని ధాతువులు దొరికాయని సంతోషించేలోపే పాణిని ‘ణో నః’ అని సూత్రం చెప్పాడు. ధాతువు మొదట ఉన్న ణ, ప్రయోగంలోకి రాగానే న అయిపోవాలి. అందుకే నమతి, నయతి, నదతి అంటాం. ణమతి అని ఎవరూ అనరు. ‘ప్ర’ వంటి ఉపసర్గ ముందు చేరినప్పుడు మాత్రం, అందులోని రేఫ (ర ధ్వని) వల్ల, దాగి ఉన్న ఆ ణ మళ్లీ బయటికి వస్తుంది. ప్రణామం, ప్రణయం, ప్రణాదం అలా వచ్చినవే. నృత్ ధాతువుకు ధాతుపాఠంలోనే న ఉంది కనుక ‘ప్రనృత్యతి’ అంటారు తప్ప అక్కడ ణ రాదు. ఏ నకారం వెనుక ణ దాగి ఉందో, దేని వెనుక లేదో గుర్తు ఉండటానికే ఆ ఏర్పాటు.

మాట మొదట ణ పలికిన భాష ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అది ప్రాకృతం. వరరుచి ప్రాకృత వ్యాకరణంలో ‘నో ణః సర్వత్ర’ అన్నాడు. న ఎక్కడున్నా ణ అవుతుందని అర్థం. జైనులు నిత్యం పఠించే మంత్రం ‘ణమో అరిహంతాణం’ అని మొదలవుతుంది. శాతవాహన రాజు హాలుడు కూర్చినదిగా ప్రసిద్ధమైన గాథాసప్తశతిలోనూ ఇటువంటి మాటలు కోకొల్లలు. కానీ ‘నవ్య’ అనేది సంస్కృత రూపం. దాని మొదటి అక్షరాన్ని మాత్రం ప్రాకృతం చేసి, మిగతాది సంస్కృతంగా ఉంచితే అది ఆ భాషకూ చెందదు, ఈ భాషకూ చెందదు.

ఇక మీ రెండు పేర్ల సంగతి. ‘ణిహారిక’ను వదిలేయండి. అందులో తప్పు ఒకటి కాదు, రెండు. మంచు అనే అర్థం గల మాట ‘నీహారం’. ‘అవశ్యాయస్తు నీహారః’ అని అమరకోశం. దాని నుంచి వచ్చింది ‘నీహారిక’. మొదటి అక్షరానికి దీర్ఘం ఉండి తీరాలి. చాలామంది ‘నిహారిక’ అని రాస్తున్నారు, అదే పొరపాటు. పైగా అక్కడున్నది ‘ని’ అనే ఉపసర్గ. అది ధాతువు కాదు, దానికి ణతో సంబంధమే లేదు.

‘నవ్య’ దగ్గర మాత్రం నాకు ఎంతో ఆనందం కలిగింది. నవ్య అంటే కొత్తది అని అందరికీ తెలుసు. అది ‘నవ’ శబ్దం నుంచి వచ్చినది. అదే రూపంలో ఇంకొక మాట కూడా ఉంది. స్తుతించడం అనే అర్థం గల ‘ణు’ ధాతువు నుంచి పుట్టిన ‘నవ్య’కు స్తుతింపదగినది అని అర్థం. వేదంలో ఈ అర్థంలో ప్రయోగం ఉంది. ఓంకారాన్ని ప్రణవం అంటామే, ఆ ప్రణవంలో ఉన్నదీ ఈ ధాతువే. అంటే, ‘నవ్య’ అని న పెట్టి రాస్తేనే పురోహితులు చెప్పిన ణకారం ఆ పేరులో శాస్త్రీయంగా ఉన్నట్టు. ణ పెట్టి రాస్తే సూత్రాన్ని కాదన్నట్టు. మీ అమ్మాయి, అల్లుడు తెలియకుండానే సరైన మాట దగ్గరికి వచ్చారు. మొదటి అక్షరం దిద్దుకుంటే చాలు.

ఎవరికీ లేని పేరే కావాలని వాళ్లకు గట్టి కోరిక ఉంటే, అదే ధాతువు నుంచి ‘నుతి’ అనే పేరు సూచిస్తాను. స్తుతి అని అర్థం. రెండే అక్షరాలు, పిలవడానికి హాయిగా ఉంటుంది. త్యాగరాజ కీర్తనలు వినేవారికి ‘త్యాగరాజనుత’ అన్న ముద్రలో ఈ ధాతువు చెవికి అలవాటైనదే. అయినా ఆడపిల్లకు ఈ పేరు పెట్టినవారు అరుదు. ణ కంటికి కనబడాలని ఉంటే ప్రణతి ఉంది, పూర్ణ ఉంది. హస్త నాలుగు పాదాలకు పంచాంగం చెప్పే అక్షరాలు పూ, ష, ణ, ఠ కదా. ‘పూర్ణ’లో మొదటి పాదం అక్షరం, మూడో పాదం అక్షరం రెండూ కలిసి వచ్చాయి, చూడండి.

పురోహితుల మాట కాదన్నామని మీరు బాధపడనవసరం లేదు. ఙ, ఞ, ణ అక్షరాలు పేరు మొదట రావని, వస్తే వాటికి బదులు వరుసగా గ, జ, డ తీసుకోవాలని జ్యోతిషంలోనే చెప్పారు. డతో ఆడపిల్లలకు నచ్చే పేర్లు దొరకడం కష్టం కనుక, జన్మనామాన్ని సంకల్పానికి ఉంచుకుని వ్యవహారానికి వేరే పేరు పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్న పద్ధతే. ఆడపిల్ల పేరు ఎలా ఉండాలో మనుస్మృతి చెప్పిన శ్లోకం ‘స్త్రీణాం సుఖోద్యమక్రూరం విస్పష్టార్థం మనోహరమ్’ అని మొదలవుతుంది. సుఖోద్యం అంటే నోటికి సుఖంగా పలికేది. అన్నిటికంటే ముందు చెప్పింది ఆ లక్షణాన్నే. మీ నోరు తిరగడం లేదన్న ఒక్క కారణం చాలు ఆ పేరు వద్దనడానికి. పేరు చివర దీర్ఘం ఉండాలని కూడా అదే శ్లోకం అంటుంది. సంస్కృతంలో ‘నవ్యా’ అలాంటిదే. తెలుగులోకి వచ్చేసరికి సీతా సీత అయినట్టే అది నవ్య అవుతుంది. ‘నుతి’ సంస్కృతంలోనూ హ్రస్వమే. అదితి, కీర్తి వంటి పేర్లను మనం కాదనలేదు కనుక దానికీ అడ్డు చెప్పను.

ఇంగ్లిషు అక్షరాల్లో న, ణ రెండూ ‘ఎన్’ ఒక్కటే. అంటే పాస్‌పోర్టులోనూ బడి రికార్డులోనూ ణవ్య అన్నా నవ్య అన్నా ఒకే పేరుగా కనిపిస్తుంది. ఇంత శ్రమపడి పెట్టిన ణ అక్కడ ఎవరికీ కనబడదు. రెండు ఎన్‌లు రాయకండి. చదివేవారు మొదట్లో ద్విత్వం పలకాలేమోనని తడబడతారు. చివర రెండు ‘ఏ’లు కూడా అక్కర్లేదు, ఒకటి చాలు. ‘నుతి’ పెడితే మాత్రం ఒక నిర్ణయం తీసుకోవాలి. దక్షిణాదిన త అక్షరానికి ‘టి, హెచ్’ రాస్తాం, ఉత్తరాదిన ‘టి’ ఒక్కటే రాస్తారు. మనవాళ్లు ‘టి’ ఒక్కటే చూస్తే ‘నుటి’ అని చదివే ప్రమాదం ఉంది కనుక నేనైతే హెచ్ చేరుస్తాను. ఏది ఎంచుకున్నా అన్ని కాగితాల్లోనూ అదే ఉండాలి.

తొందరపడవలసిన పని లేదు. జననం నమోదు 21 రోజుల్లో చేయించి ఉంటే, పేరు లేకుండా నమోదైన బిడ్డకు 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఈలోగా ఇంట్లో నవ్య, నుతి, పూర్ణ అని నాలుగు రోజులు పిలిచి చూడండి. దరఖాస్తులో తెలుగులో పేరు రాసే చోటు ఉంటే, వినేవారు వాళ్లకు తోచినట్టు రాయకుండా, మీరే మీ చేత్తో రాసి ఇవ్వండి.