పాఠకుల ప్రశ్నలు: అసలైన టీ-34 ఏది?

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం కలిసి రెండో ప్రపంచయుద్ధ కాలపు ట్యాంకుల పోరు మీద ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నాము. సోవియట్ టీ-34 త్రీడీ నమూనాను సిద్ధం చేయడం నా వంతు. అయితే నేను సేకరించిన ఫొటోల్లో ఒక ట్యాంకుకూ ఇంకొక ట్యాంకుకూ పోలిక కుదరడం లేదు. టరెట్ (ఫిరంగి ఉండే, గుండ్రంగా తిరిగే పైభాగం) ఆకారం, చక్రాలు, పైమూతలు అన్నీ వేరువేరుగా ఉన్నాయి. వీటిలో దేనిని నమ్మాలి?

జవాబు: అన్నిటినీ నమ్మవచ్చు. టీ-34 అనేది ఒకే వస్తువు పేరని అనుకోవడం వల్లనే మీకు ఈ చిక్కు వచ్చింది. మిఖాయిల్ కోష్కిన్ బృందం ఖార్కోవ్‌లో రూపొందించిన ఈ ట్యాంకు 1940లో తయారీకి వచ్చింది. మరుసటి ఏడాది జర్మన్ సేనలు చొచ్చుకు వస్తుండగా ఆ కర్మాగారాన్ని యంత్రాలతో సహా రైళ్లకెక్కించి ఉరల్ ప్రాంతంలోని నిజ్నీ తగీల్‌కు తరలించారు. స్టాలిన్‌గ్రాద్ ట్రాక్టర్ కర్మాగారం, గోర్కీ నగరంలోని సొర్మొవొ కర్మాగారం, ఆ తరువాత చెల్యాబిన్స్క్, స్వెర్ద్‌లోవ్‌స్క్, ఓమ్స్క్ నగరాల కర్మాగారాలు కూడా ఇదే ట్యాంకును చేశాయి. నమూనా ఒకటే అయినా, ఎవరికి ఏ సామగ్రి అందుబాటులో ఉంటే దానితోనే వారు పని నడిపించారు.

చక్రాల సంగతే చూడండి. 1941 చివర రబ్బరు కరవైనప్పుడు చక్రం అంచుకు వేయవలసిన రబ్బరును మానేసి, ఇరుసు దగ్గర లోపలివైపు కొద్దిగా అమర్చి, అంచును ఉత్త ఉక్కుతోనే వదిలేశారు. ఆ చక్రాలతో బండి విపరీతంగా అదరడంతో మొదటి, చివరి చక్రాలకు మాత్రం రబ్బరు అంచు ఉంచి మధ్యవాటిని ఉక్కువే బిగించిన బండ్లు చాలా వచ్చాయి. టరెట్ విషయంలోనూ ఇదే జరిగింది. 1942లో ఆరు ముఖాల టరెట్ వచ్చింది. దాని రెండు గుండ్రటి మూతలు తెరిస్తే ఎలుక చెవుల్లా కనిపించేవి కనుక జర్మన్ సైనికులు దానికి మిక్కీమౌస్ అని పేరు పెట్టారు. స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో మాత్రం పోతపోసే పనిని తప్పించుకోవడానికి, భారీ ప్రెస్సు కింద ఉక్కు పలకను అదిమి మరో రకం టరెట్ చేశారు. స్టాలిన్‌గ్రాద్ వారు తమ పాత ఆకారాన్ని వదలలేదు.

కనుక మొదటి గీత గీయక ముందే మీ బండి ఏ కర్మాగారానిదో, ఏ నెలదో నిర్ణయించుకోండి. 1942 వేసవినాటి స్టాలిన్‌గ్రాద్ బండి అనుకుంటే పాత టరెట్, ఉక్కు చక్రాలు, చెక్కపనిలో కూర్పులాగా ఒకదానిలో ఒకటి ఇమిడే కవచపు పలకలు, నునుపు చేయని వెల్డింగ్ అతుకులు, అన్నీ వాటంతట అవే తేలుతాయి. ఒకచోటి చక్రం, వేరొకచోటి టరెట్ కలిపారంటే, ప్రతి భాగం విడివిడిగా సరైనదే అయినా అలాంటి బండి ఏ యుద్ధరంగంలోనూ ఉండి ఉండకపోవచ్చు.

మ్యూజియంలో కొలతలు తీసుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఈనాడు ప్రదర్శనలో ఉన్న టీ-34-85 (85 మిల్లీమీటర్ల ఫిరంగి గల తరువాతి రకం) ట్యాంకుల్లో చాలావాటిని యుద్ధానంతరం పోలండ్, చెకొస్లొవేకియాల్లో తయారుచేశారు. యుద్ధకాలపు బండ్లలోనూ కొన్నిటికి 1960ల మరమ్మతుల్లో కొత్త చక్రాలు బిగించారు. (ఆటల్లో ప్రతి సోవియట్ టరెట్ మీదా వెలిగే పెద్ద ఎర్ర నక్షత్రం కూడా యుద్ధకాలపు ఫొటోల్లో అంత తరచుగా కనిపించదు.)

ప్రశ్న: టీ-34 ముందు కవచం 45 మిల్లీమీటర్లే కదా, మరి ఆటల్లో అది 90 మిల్లీమీటర్ల కవచంలా ఎందుకు పనిచేస్తుంది?

జవాబు: పైపలకను నిలువు నుంచి 60 డిగ్రీలు వెనక్కి వాల్చారు కాబట్టి, నేలకు సమాంతరంగా వచ్చే గుండు 90 మిల్లీమీటర్ల ఉక్కును దాటవలసి వస్తుంది. మందాన్ని ఆ కోణం కొసైన్‌తో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. బండిని 30 డిగ్రీలు పక్కకు తిప్పితే అది దాదాపు 104 అవుతుంది. గట్టు ఎక్కుతూ ముక్కు 10 డిగ్రీలు పైకి లేస్తే 130 దాటుతుంది, దిగుతూ అంతే వంగితే 70కి పడిపోతుంది. అందుచేత 90 అన్న అంకెను ప్రోగ్రాములో స్థిరంగా రాసిపెట్టకుండా, అసలు మందాన్నీ కోణాన్నీ ఉంచి, దెబ్బ తగిలిన ప్రతిసారీ లెక్క కట్టించండి. అయితే జ్యామితి ఒక్కటే చాలదు. 88 మిల్లీమీటర్ల గుండు తన వ్యాసంలో సగమే మందమున్న పలకను కొట్టినప్పుడు వాలు వల్ల కలిగే లాభం బాగా తగ్గుతుంది. పైగా టీ-34 ఉక్కు చాలా కఠినమైనది కావడంతో, గుండు లోపలికి రాకపోయినా కవచం లోపలివైపు నుంచి పెచ్చులు లేచి సిబ్బందిని గాయపరచగలిగేవి. వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ అనే ఆట పద్ధతిలో ప్రాణశక్తిని అంకెలుగా తగ్గించుకుంటూ పోతే ఈ సంగతికి చోటు ఉండదు. వార్ థండర్ అనే ఆట మాదిరిగా లోపలి మనుషులనూ భాగాలనూ విడివిడిగా చూపదలిస్తే ఉంటుంది. మీరు రెండో దారి పట్టేటట్లయితే, టీ-34 ఇంధన ట్యాంకులు సిబ్బంది పక్కనే ఉండేవనీ, 76 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లలో అధికభాగం వారి కాళ్ల కింది పెట్టెల్లోనే ఉండేవనీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: గుట్ట మీది నుంచి కిందికి గురిపెట్టబోతే సోవియట్ ట్యాంకుల ఫిరంగి వంగదు. ఇది ఆట తయారీదారుల పక్షపాతం కాదా?

జవాబు: కాదు. ఫిరంగి మూతి కిందికి వంగాలంటే దాని వెనుక భాగం టరెట్ లోపల పైకి లేవాలి. దెబ్బకు తక్కువ చోటు దొరకాలని పైకప్పును తగ్గించిన టరెట్‌లో అందుకు జాగా ఉండదు. అమెరికా షెర్మన్ 10 డిగ్రీలు వంచగలిగితే, టీ-34 సుమారు 5, సోవియట్ భారీ ట్యాంకు ఐఎస్-2 సుమారు 3 డిగ్రీలే వంచగలిగేది.

ప్రశ్న: ఇంజను శబ్దాన్ని ఎక్కడినుంచి తెచ్చుకోవాలి?

జవాబు: నడిచే స్థితిలో ఉన్న టీ-34-85లు నేటికీ కొన్ని దేశాల్లో ఉన్నాయి. పన్నెండు సిలిండర్ల వీ-2 డీజిల్ ఇంజను శబ్దాన్ని వాటి దగ్గర రికార్డు చేసుకోవచ్చు. మీరు ఉక్కు చక్రాల బండిని ఎంచుకుంటే, ఇంజనుతోపాటు చక్రానికీ గొలుసు పట్టీకీ మధ్య లోహపు రాపిడిని విడిగా కలపవలసి ఉంటుంది. 1941 చివరినాటి సొర్మొవొ బండిని ఎంచుకుంటే మాత్రం ఒకసారి ఆగి సరిచూసుకోండి. డీజిల్ ఇంజన్లు అందక అక్కడ కొన్ని బండ్లకు ఎం-17 అనే పెట్రోలు ఇంజను బిగించారు.