చేతి జీపీఎస్‌తో బయలుదేరే ముందు

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

కొత్త జీపీఎస్‌తో కొండల్లోకి వెళ్తున్నానని రాశావు, సంతోషం. అందులోని మెనూలు చూసి టెన్షన్ పడకు. కొన్ని మాటలు బాగా తెలిస్తే చాలు.

వేపాయింట్ అంటే సేవ్ చేసి పెట్టుకున్న చోటు. ఏది మరిచినా సరే, బయలుదేరే చోటును మాత్రం సేవ్ చెయ్యకుండా అడుగు వెయ్యకు. వెళ్లాల్సిన వేపాయింట్లను వరసగా కలిపితే రూట్. నువ్వు నిజంగా నడిచిన దారి ట్రాక్. తిరుగు ప్రయాణంలో నేను ట్రాక్‌నే నమ్ముతాను, అది కాళ్లు ఒకసారి నడిచిన నేల కాబట్టి.

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది బేరింగ్, హెడింగ్ దగ్గర. గమ్యం ఏ దిక్కున ఉందో చెప్పేది బేరింగ్. నువ్వు ఏ దిక్కుకు పోతున్నావో చెప్పేది హెడింగ్. డిగ్రీల్లో ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. బేరింగ్ 90 ఉండగా నువ్వు 100 పట్టుకుని నడిచావనుకో, కిలోమీటరు పోయేసరికి అసలు గీతకు దాదాపు 175 మీటర్లు పక్కన తేలతావు. తెర మీద ఎక్స్‌టీఈ అని కనిపించేది ఆ పక్కకు జరిగిన దూరమే. ఇంకో సంగతి, బేరింగ్ చూపేది తిన్నని గీత. మధ్యలో లోయ ఉందో వాగు ఉందో దానికి పట్టదు. అడ్డొస్తే చుట్టూ తిరిగే వెళ్లు, అక్కడి నుంచి కొత్త బేరింగ్ జీపీఎస్సే చూపిస్తుంది. లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి లేని పరికరమైతే, నిలబడి ఉన్నప్పుడు చూపే హెడింగ్‌ను నమ్మకు. కదలికను బట్టే అది దిక్కు లెక్కకడుతుంది. నాలుగడుగులు నడిచి చూడు.

ఉత్తరం సెట్టింగ్‌లో ట్రూ, మాగ్నెటిక్ అని రెండుంటాయి. ట్రూ అంటే ఉత్తర ధ్రువం ఉన్న దిక్కు, మాగ్నెటిక్ అంటే దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం. చేతి దిక్సూచితో సరిచూసుకునేటప్పుడు మాగ్నెటిక్ పెట్టుకో.

అక్షాంశ రేఖాంశాలు ఎక్కించేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలమ్మా. ఇక్కడ నిమిషాలు, సెకన్లు అంటే గడియారానివి కావు, డిగ్రీలో భాగాలు. 30.5 నిమిషాలంటే 30 నిమిషాల 30 సెకన్లు, 50 సెకన్లు కాదు. అక్షాంశంలో ఆ 20 సెకన్ల తేడా నేల మీద 600 మీటర్లకు పైనే. మ్యాప్ డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కకట్టడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా, అది కూడా చూడు. జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84. పాత కాగితపు మ్యాప్ వేరే డేటమ్‌తో గీసి ఉంటే చోటు వందల మీటర్లు జరిగిపోవచ్చు.

ఎత్తుతో సహా చోటు తెలియాలంటే కనీసం 4 ఉపగ్రహాలు అందాలి. దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయల్లో ఆలస్యమవుతుంది, ఓపిక పట్టు. అదనపు బ్యాటరీలు, కాగితపు మ్యాప్, దిక్సూచి సంచిలో ఉండి తీరాలి.

వెళ్లే రూట్, తిరిగి రావాల్సిన టైమూ నాకు రాసి పంపాకే బయలుదేరు.

ప్రేమతో,
మావయ్య