ఎంబసీలు కాకుండా దేశానికి బయట పేరు తెచ్చేదెవరు? జైపూర్ కాలు సంగతి చూడండి

మంత్రుల పర్యటనలతో పనిలేకుండా, మామూలు సంస్థల వల్ల దేశానికి బయట పేరొస్తుందా అని కొందరు అడుగుతుంటారు. జైపూర్ కాలు వల్ల వచ్చింది.

1960ల చివర్లో జైపూర్ ఎస్‌ఎంఎస్ ఆసుపత్రిలో చేతిపనివాడు రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన కృత్రిమ పాదం అది. 1975లో డి.ఆర్. మెహతా పెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దాన్ని ఉచితంగా అమరుస్తోంది. ఆఫ్ఘనిస్తాన్ దగ్గర్నుంచి ఆఫ్రికా దాకా శిబిరాలు పెట్టింది.

గుట్టంతా పాదం లోపలే ఉంది. మడమకీ ముందు భాగానికీ స్పాంజి రబ్బరు దిమ్మెలు, చీలమండ దగ్గర బోల్టు దిగిన చెక్క. వీటికి టైరు దారాల గుడ్డ, పైన రబ్బరు చుట్టి, అచ్చులో పెట్టి ఉడికిస్తారు. అప్పట్లో పాశ్చాత్య పాదాల మధ్యలో గట్టి చెక్క ఉండేది, బూటు వేసుకుని నడవడానికే అవి పనికొచ్చేవి. ఇది వంగుతుంది. గొంతుక్కూర్చోవచ్చు, బురదలో దిగవచ్చు, చెప్పులు విప్పి మసీదులోకి నడవచ్చు. కాబూల్ మనిషికి కావలసింది సరిగ్గా అదే.

మోకాలి కింద తెగినవాళ్ళకి చాలాసార్లు ఒక్క రోజులోనే పనైపోతుంది. మోడుకి, అంటే తెగాక మిగిలిన కాలి భాగానికి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్టి అచ్చు తీస్తారు, దాన్ని ప్లాస్టర్‌తో నింపి చెక్కుతారు, ఓవెన్‌లో మెత్తబడ్డ హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పైపును దానిమీదికి లాగి, మోడు దూరే సాకెట్ చేస్తారు. పాదం బిగించాక నడిపించి చూసి వంపు సరిచేస్తారు.

పేరు చెడేది ఆ తర్వాతే. కాలు పోయిన కొత్తలో మోడు నెలల తరబడి సన్నబడుతుంది. శిబిరం ఎత్తేశాక సాకెట్ వదులై, ఎముక అంచున పుండు పడుతుంది. కాలు మంచం కిందికి పోతుంది. అప్పుడు జనం తిట్టేది సంస్థని కాదు, ‘ఇండియా కాలు’ని. కాబట్టి బ్యానరు కట్టే ముందే ఇద్దరు స్థానిక టెక్నీషియన్లకి అచ్చు తీయడం నుంచి అన్నీ నేర్పాలి. ఓవెన్, పైపు ముక్కలు అక్కడే వదిలి రావాలి. మోడుకి తొడిగే నూలు మేజోళ్ళు మనిషికి మూడు నాలుగు ఎక్కువివ్వాలి, వదులైనప్పుడు ఒకదానిమీద ఒకటి వేసుకుని కొన్నాళ్ళు నెట్టుకొస్తారు.

2018లో విదేశాంగ శాఖ గాంధీ 150వ జయంతి సందర్భంగా ‘ఇండియా ఫర్ హ్యుమానిటీ’ పేరుతో ఈ శిబిరాలకి డబ్బిచ్చింది. మంచిదే, ఎంబసీ తోడుంటే కస్టమ్స్‌లో తిప్పలు తగ్గుతాయి. కాకపోతే సర్కారు డబ్బు ఉన్నచోట ‘ఎన్ని కాళ్ళు ఇచ్చాం’ అన్న లెక్కే పైకొస్తుంది. నన్నడిగితే ఆరు నెలలయ్యాక ఎన్ని వాడుకలో ఉన్నాయో లెక్కపెట్టాలి. అందుకు అమర్చిన రోజే ఫోన్ నంబరు, ఏ కాలు, మోడు పొడవు, చుట్టుకొలత రాసిపెట్టుకోవాలి.