లక్క గాజులు గలగలమనవు

బిడ్డా,

హైదరాబాద్ వీధుల్లో తిరిగి నువ్వు రాసిన ‘ఆదివారం నడకలు’ అందాయి. రాత్రి భోజనం చేసి కూర్చున్నదాన్ని, అన్నీ చదివాకే లేద్దామనుకున్నాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి చదవలేక పక్కన పెట్టేశాను. కోపం వచ్చింది. పొద్దున లేచి మిగతావి పూర్తిచేశాను గానీ ఆ కోపం తగ్గలేదు. అందుకే నువ్వడిగినవాటి కంటే ముందు ఈ సంగతి రాస్తున్నాను.

నువ్వు రాసినదాంట్లో ఆయనేమంటాడు? ‘పుస్తకం పాతబడుతుంది తల్లీ, జ్ఞానం పాతబడదు’ అంటాడు. ఆ మాట ఆయన అనలేదు, నువ్వు అనిపించావు. 1980ల నుంచి నేను ఆ ఫుట్‌పాత్ మీద తిరుగుతున్నాను. అక్కడ వినపడేవి ‘పచాస్ దే దో మేడమ్, బోనీ కా టైమ్ హై’, ‘సెకండ్ పార్ట్ లేదమ్మా, వచ్చే వారం చూస్తా’, ‘కొంటే కొను, లేకపోతే అట్ల పెట్టు’ లాంటి మాటలు. అమ్ముకునేవాళ్ళ మాటలు అవి. నీ చేతిలో పడేసరికి ఆయన ప్రవచనం చెప్పే స్వామీజీ అయిపోయాడు. చివర్లో ‘ఆయన కళ్ళల్లో నాకు వెయ్యి కథలు కనిపించాయి’ అని ముగించావు. వెయ్యి అక్కర్లేదు బిడ్డా, ఆయనది ఒక్క రోజు రాయాల్సింది.

నీకు ఆదివారం సెలవు. ఆయనకు ఆదివారమే పని. నీ నడకలన్నిటిలో నాకు కనపడిన లోపం ఇదొక్కటే. నువ్వు కలిసిన ప్రతి మనిషీ ఏదో పని మధ్యలో ఉన్నాడు. నువ్వు ఆ పని తీసేసి మనిషిని మాత్రమే మిగిల్చావు. పని తీసేస్తే మిగిలేది నవ్వు, ముడతలు, కళ్ళు. అవి అందరికీ ఉంటాయి.

అబిడ్స్‌లో ఆ బజారు అసలెందుకు ఉందో ఎప్పుడైనా ఆలోచించావా? ఆదివారం అక్కడి పెద్ద దుకాణాలు మూసేస్తారు. షట్టర్లు దించాక వాటి ముందున్న జాగా ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోనే పుస్తకాలు పరుస్తారు. సోమవారం పొద్దున్న అదే జాగాలో ఆయన పది నిమిషాలు నిలబడలేడు. వారమంతా ఏం చేస్తాడు మరి? పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరుగుతాడు, చిత్తుకాగితాల్లోంచి పుస్తకాలు ఏరుకుంటాడు. ఇంటిపెద్ద పోయాక అలమారాలు ఖాళీ చేసుకునే ఇళ్ళకు కబురందితే వెళ్తాడు. కిలోల లెక్కన కొంటాడు. ఏది ‘ఏదైనా ముప్ఫై’ కుప్పలోకి పోవాలి, ఏది విడిగా ఉంచి గట్టి బేరమాడాలి అన్నది అట్ట చూసి, అచ్చు చూసి, సంవత్సరం చూసి తేలుస్తాడు. ఆ చదువు ఏ యూనివర్సిటీలోనూ లేదు. నువ్వు మెచ్చుకోవలసిన జ్ఞానం అది. అది నీ కళ్ళెదురుగా జరుగుతూనే ఉంది.

అయినా నీ మీద ఆశ వదులుకోలేదు. ఎందుకంటే అదే రచనలో, మూడో పేజీలో, ఒక వాక్యం ఉంది. ‘చినుకులు మొదలవగానే ఆయన ముందు డిక్షనరీల మీద ప్లాస్టిక్ కవరు కప్పి, తర్వాత మిగతావాటి మీదికి వచ్చాడు.’ ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇది నువ్వు చూసింది. దీన్ని ఎవరూ నీకు చెప్పి ఉండరు, ఎక్కడా చదివి ఉండవు. కానీ ఆ వెంటనే నువ్వు నాంపల్లి మెట్రో స్టేషన్‌కి పరిగెత్తావు, వాన మీద నాలుగు లైన్ల వర్ణన రాశావు. డిక్షనరీలే ఎందుకు ముందు? నాకు తోచింది చెప్తాను. పోటీ పరీక్షల గైడు ఈ ఏడుది వచ్చే ఏడు ఎవరూ కొనరు. సిలబస్ మారితే ఇంటర్ పుస్తకం చిత్తుకాగితం కిందికే వస్తుంది. నవలకు గిరాకీ ఉందో లేదో రోజు గడిస్తే గానీ తెలియదు. డిక్షనరీ మాత్రం ఏ ఆదివారం పెట్టినా ఎవరో ఒక తండ్రి పిల్లాడికోసం కొంటాడు. తడిస్తే మాత్రం ఆ పల్చటి కాగితం ఉబ్బిపోయి ఎందుకూ పనికిరాదు. నా ఊహ తప్పే కావచ్చు. ఆయన్ని అడిగితే తెలిసేది. నువ్వు గొడుగు తెరుచుకుని అక్కడే ఉండి, కవరు రెండో కొస పట్టుకుని ఉంటే ఆయనే చెప్పేవాడు.

దీనిమీద ఇంత పట్టుదల నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. అప్పట్లో నేను ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. సీసపు అక్షరాలు, వాటిని పేర్చే కంపోజిటర్లు, సాయంత్రానికి వేళ్ళకు నల్లటి మసి. ఆదివారం ఒక్కటే నాది. పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని కాబట్టి ఇంట్లో కూర్చుంటే ఏదో ఒక పని తగిలేది. ఒంటరి ఆడపిల్ల ఊరికే తిరిగితే మనుషులు ఆగి చూసేవాళ్ళు. అందుకని చేతిలో కూరగాయల సంచీ పట్టుకుని బయల్దేరేదాన్ని. సంచీ ఉంటే పనిమీద వచ్చిందనుకుని వదిలేసేవాళ్ళు. అట్లా కోఠీ, సుల్తాన్ బజార్, బడీ చౌడీ, మొజంజాహీ మార్కెట్ అన్నీ తిరిగాను.

కోఠీ ఉమెన్స్ కాలేజీ బస్టాపు దగ్గర ఒకామె పూలమ్మేది. అప్పుడు పూల మార్కెట్ జాంబాగ్‌లో ఉండేది, ఇప్పుడు గుడిమల్కాపూర్‌లో ఉన్నది దాని తర్వాతదే. ఆమె తెల్లవారకముందే జాంబాగ్‌లో మల్లెలు కిలోల లెక్కన కొనేది. కోఠీలో మూరల లెక్కన అమ్మేది. పక్కనే తడిపిన అరటినార, తడి గోనెగుడ్డ. నాలుగేసి మొగ్గలు ఎదురెదురుగా పెట్టి ముడి వేసేది, చూపు మాత్రం వచ్చే బస్సు మీద ఉండేది. మూరంటే మోచేతి నుంచి వేలికొసల దాకా కదా. పెద్దింటి ఆడవాళ్ళు బేరమాడి విసిగిస్తే వేళ్ళు ముడుచుకుని కొలిచేది. కాలేజీ పిల్లలు చిల్లర లెక్కపెట్టుకుంటూ వస్తే వేళ్ళు చాచి కొలిచి, పైన ఇంకో నాలుగు మొగ్గల మేర వదిలేది. రాత్రి ఎనిమిది దాటితే ధర సగం చేసేది, ఎందుకంటే విచ్చుకున్న మల్లె మర్నాటికి చెత్త. ఆమె దయ, కోపం, లెక్క అన్నీ ఆ వేళ్ళు ముడవడంలో, చాచడంలో ఉండేవి. అదంతా రాసి ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి పంపాను.

ఆ సంపాదకుడు నన్ను పిలిపించి ‘ఈ కిలోలు, మూరలు లెక్కల పుస్తకంలో ఉండాలమ్మా, రచనలో అనుభూతి ఉండాలి’ అన్నాడు. అచ్చయ్యాక చూసుకుంటే మూర కొలిచే పేరా లేదు. జాంబాగ్ లేదు. చివర్లో నేను రాయని వాక్యం ఒకటి వచ్చి కూర్చుంది: ‘మల్లెకన్నా తెల్లనైన ఆమె నవ్వులో నాకు జీవిత సత్యం గోచరించింది.’ నా పేరు కింద. ఆ కాపీ ఆమెకు చూపించలేక కొన్ని వారాలు కోఠీ వైపే వెళ్ళలేదు. తర్వాత ఒక సభలో ఒకాయన నా గురించి మాట్లాడుతూ సరిగ్గా ఆ వాక్యమే చదివి మెచ్చుకున్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు, ఆ మంట మాత్రం నాకు ఇప్పటికీ ఉంది. నా పుస్తకం వేసుకున్నప్పుడు మొట్టమొదట చేసిన పని ఆ వాక్యం కొట్టేసి మూర పేరా వెనక్కి పెట్టుకోవడం.

నీ రచనలు చదువుతుంటే ఆ సంపాదకుడు చేసిన పని ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే పిల్లలు తమంతట తామే చేసుకుంటున్నారనిపించింది. దానికి నిన్నొక్కదాన్నే అనను. ఇది ఇప్పటి ఫ్యాషన్. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, చార్మినార్ మీద సాయంత్రపు వెలుగు, దానికో ఫోటో, చివర్లో మనసుకు హాయిగా ఒక మాట. చదివినవాళ్ళు ‘ఫీలయ్యాం’ అంటారు. నువ్వు కూడా చాయ్ మీద రెండు పేజీలు రాశావు. అందులో చాయ్ చేసేవాడు లేడు. కౌంటర్ వెనక నిలబడి చూడు. డికాక్షన్ ఒక గిన్నెలో మూతపెట్టి సన్నటి మంట మీద గంటలకొద్దీ ఉంటుంది. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతుంటాయి. మాస్టర్ కప్పులు వరసగా పెట్టి రెండూ కలిపే చెయ్యి ఎక్కడా ఆగదు. కప్పులు అందించే కుర్రాళ్ళు ఇప్పుడు చాలాచోట్ల బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్ళు. వాళ్ళు ఎన్నింటికి లేస్తారు, ఎక్కడ పడుకుంటారు, సెలవు ఏ రోజు? హోటల్ రద్దీగా ఉండే ఆదివారం మాత్రం కాదు.

చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ మీద రాసిన దాంట్లో ‘రంగురంగుల లక్క గాజుల గలగల’ అన్నావు. లక్క గాజులు గలగలమనవు బిడ్డా. గలగలమనేవి మట్టి గాజులు. లక్కవి ఒకదానికొకటి తగిలితే మందంగా టకటకమంటాయి. చేతికి ఒక్క జత వేసుకుని చూసినా తెలిసేది. అక్కడి నుంచి వెనక సందుల్లోకి పోతే కుంపటి దగ్గర పని చూడొచ్చు. లక్కను నిప్పుల సెగకు మెత్తబరిచి, చెక్కతో దొర్లిస్తూ కడ్డీలాగా సాగదీస్తారు. పైన రంగు లక్క పట్టిస్తారు. సైజుకు కోసి, వంచి, రెండు కొసలూ వేడిమీద అతికిస్తారు. తర్వాత రాళ్ళు. ఒక్కొక్క రాయీ తీసి మెత్తటి లక్కలోకి నొక్కాలి. లక్క చల్లారితే రాయి దిగదు, ఎక్కువ వేడెక్కితే గాజు వంకరపోతుంది. ఆ మధ్యలో దొరికే కాస్త సమయంలోనే చెయ్యి ఆడాలి. ఈ రాళ్ళ పని చాలావరకు ఇళ్ళల్లో ఆడవాళ్ళే చేస్తారు. షోకేసు వెలుగు కంటే ఆ వేలికొసలు నాకు ముఖ్యం.

మూసీ వరద గురించి పెట్టిన పేరా కూడా ఇంతే. 1908 సెప్టెంబరు 28, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతకడం, తేదీతో సహా బాగానే చెప్పావు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆదివారం ఓపీ ఉండదు, కానీ లోపల పేషెంట్లు ఉంటారు, వాళ్ళకోసం వచ్చినవాళ్ళు ఆవరణలో ఎక్కడ నీడ దొరికితే అక్కడ ఉంటారు. టిఫిన్ డబ్బా కడుక్కుని, ఉతికిన లుంగీ ఆరేసుకుని, మందుల చీటీ మడతలు విప్పి మళ్ళీ మడుస్తూ. నువ్వు వాళ్ళను దాటుకునే చెట్టు దగ్గరికి వెళ్ళి ఉంటావు.

ఇక మాట్లాడించడం. ‘వాళ్ళతో ఎలా మాట కలపాలో తెలియక టెన్షన్ పడతాను’ అని రాశావు. ముందు ఏదైనా కొను. బేరాలున్న వేళ పోకు, మధ్యాహ్నం మూడింటికి పో, అప్పుడు ఎవరికైనా కాస్త తీరిక ఉంటుంది. గిరాకీ వస్తే మాట మధ్యలోనైనా పక్కకు జరుగు. ‘మీ జీవితం గురించి చెప్పండి’ అని అడగొద్దు, ఎవరూ చెప్పరు. ‘ఇది ఎక్కణ్ణుంచి తెస్తారు’ అని అడుగు, ఎవరైనా చెప్తారు. ఉర్దూలో మాట్లాడితే ఉర్దూలోనే రాయి, మన లిపిలో పెట్టు, హైదరాబాద్‌లో చదివేవాళ్ళకు అర్థమవుతుంది. ఫోన్ సంచీలోనే ఉంచు. వచ్చే ఆదివారం మళ్ళీ అదే మనిషి దగ్గరికి పో. కొత్త పేట కొత్త వీధి అని పరిగెత్తకు. నగరం మొత్తం చూడాలని నీకు తొందరగా ఉంది. ఒక ఫుట్‌పాత్ సరిగ్గా చూడటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పుస్తకంగా వెయ్యొచ్చా అన్నావు. ఇప్పుడు వద్దు. ముందుమాట నేను ఎవరికీ రాయను, నీకూ రాయను. అబిడ్స్ ముక్క మాత్రం చినుకులు పడ్డ దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు, స్వామీజీ మాటలన్నీ తీసేసి.

ఈ నెలాఖరు ఆదివారం నేను గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్తున్నాను. మోకాళ్ళు ఇదివరకులా లేవు, తోడుంటే బాగుంటుంది. తెల్లవారుజామునే వెళ్ళాలి, ఆ వేళకు మెట్రో ఉండదు. రాత్రే ఆటో మాట్లాడుకుని మీ అమీర్‌పేట హాస్టల్ వాళ్ళకు చెప్పి ఉంచు, గేటు తీసే మనిషి ఎవరో కనుక్కో. మడమలు కప్పే చెప్పులు వేసుకో, లోపలంతా బురద. చిల్లర తెచ్చుకో.

ఆశీస్సులతో,
అమ్మ