సోర్‌డో బ్రెడ్ లోపల జిగటగా ఉండడం గురించి

మీ సోర్‌డో బ్రెడ్ (ఈస్ట్ పొడి బదులు సహజంగా పులిసిన పిండితో చేసేది) పైపెంకు బాగా కాలినా లోపల జిగటగా, అడుగున దట్టంగా, మధ్యలో ఒకటి రెండు పెద్ద గుల్లలతో వస్తోందని మీరు రాశారు. ఈ లక్షణాలన్నీ కలిసి కనిపించాయంటే పిండి సరిగా పులియలేదనే నా అభిప్రాయం. తయారీ విధానంలో ఇచ్చిన గంటలను నమ్ముకోకండి, ఎందుకంటే 26 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 గంటల్లో పులిసే ముద్ద 20 డిగ్రీల వద్ద దాదాపు రెట్టింపు సమయం తీసుకోవచ్చు. ముద్ద సగానికి పైగా పెరిగి, అంచుల దగ్గర గుండ్రంగా ఉబ్బి, గిన్నెను కదిపితే మెత్తగా ఊగుతూ, పక్కల నుంచి సన్నని బుడగలు కనిపించేవరకు ఆగండి. అంతకన్నా ముందు స్టార్టర్‌ను, అంటే ముద్దను పులియబెట్టడానికి కలిపే పులిసిన పిండి మిశ్రమాన్ని, గమనించాలి. దానికి కొత్తగా పిండి, నీరు కలిపిన 4 నుంచి 6 గంటల్లో అది రెట్టింపు కాకపోతే ముద్ద ఎంతసేపు ఉంచినా ఫలితం అంతంత మాత్రమే. కాల్చాక పూర్తిగా చల్లారనిచ్చి కోయండి, వేడిమీద కోస్తే బాగా పులిసిన బ్రెడ్ కూడా జిగటగానే అనిపిస్తుంది.